ఫోన్‌లో 95, ల్యాప్‌టాప్‌లో 38: వైఫై కార్డు మారిస్తే సరిపోతుందా?

క్లుప్తంగా: ఇంటర్నెట్ ప్లాను స్పీడును ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డు పెంచలేదు. పాత కార్డు వల్ల అందకుండా పోతున్న స్పీడును మాత్రం రాబట్టగలదు. వైఫై వాడే రెండు ప్రధాన రేడియో బ్యాండుల్లో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టే ఒంటి యాంటెన్నా కార్డు, 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) లేదా అంతకు మించిన ప్లాను, రెండో బ్యాండు 5 గిగాహెర్ట్జ్ కూడా ఉన్న రౌటర్ మూడూ ఒకే ఇంట్లో ఉంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది. వీటిలో ఒక్కటి లేకపోయినా పెట్టిన డబ్బు చాలావరకు దండగే.

తిరుపతిలో కొర్లగుంట సందుల నుంచి తిరుచానూరు రోడ్డు అపార్ట్‌మెంట్ల దాకా కరెంటు స్తంభాల మీద ఫైబర్ తీగలు అల్లుకుపోయి కనిపిస్తాయి. 40 ఎంబీపీఎస్ ప్లాను నుంచి 100కి మారిన ఇళ్లలో ఒక సందేహం తరచుగా వస్తుంటుంది. రౌటర్ పక్కన కూర్చుని ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే 95 చూపిస్తుంది. అదే సోఫాలో, అదే వైఫై మీద ఉన్న పాత ల్యాప్‌టాప్ 38 దగ్గర ఆగిపోతుంది. ఆపరేటర్‌ను అడిగితే తమ వైపు అంతా బాగానే ఉందంటాడు. రిపేరు షాపులో అడిగితే వైఫై కార్డు మార్చమంటారు. ఈ ఉదాహరణలో ఆపరేటర్ మాట నిజం. షాపు మాట కొన్ని ఇళ్లకే నిజం.

ప్లాను స్పీడు వేరు, గాలిలో స్పీడు వేరు

ల్యాప్‌టాప్ తెర మీద కనిపించే స్పీడు ఏదో ఒక్క చోట తయారయ్యేది కాదు. వీడియో ఎక్కడో ఒక సర్వర్‌లో బయలుదేరి, ఆపరేటర్ నెట్‌వర్క్ దాటి, ఫైబర్ మీద ఇంటికొచ్చి, టీవీ పక్కన గోడకు బిగించిన రౌటర్ డబ్బాలోకి దిగుతుంది. చాలామంది మోడెం అనేది ఆ డబ్బానే. అక్కడి నుంచి రేడియో తరంగాలుగా మారి ల్యాప్‌టాప్‌లోని కార్డును చేరుతుంది. ఈ దారిలో ఏ చోటు అన్నిటికన్నా ఇరుకో, చివరికి దక్కేది అంతే.

ఫైబర్ తీగ ఇరుకు కాదు. ఇళ్లకు ఎక్కువగా వాడే జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఒక లైనుకు డౌన్‌లోడ్ సామర్థ్యం సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు. దాన్ని సాధారణంగా 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. ఒక్కో ఇంటికి 30, 100, 300 అని ఆపరేటర్ తన పరికరాల్లో పరిమితి పెడతాడు. తిరుమల ఘాట్ రోడ్డు మీద పద్ధతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. కొండ ఎక్కడానికీ దిగడానికీ కనీసం ఇంత సమయం పట్టాలని నిబంధన ఉంది. ఎంత ఖరీదైన కారైనా అంతకన్నా ముందే గేటు దగ్గరికొస్తే జరిమానా కట్టాలి. 40 ఎంబీపీఎస్ ప్లాను ఉన్న ఇంట్లో ఖరీదైన వైఫై కార్డుదీ అదే పరిస్థితి.

ఇక్కడ మరో చిన్న గందరగోళం ఉంది. ప్లాను స్పీడును మెగాబిట్లలో చెబుతారు. ఫైలు డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు కంప్యూటర్ చాలాసార్లు మెగాబైట్లలో చూపిస్తుంది. 8 బిట్లు ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకు 12 మెగాబైట్ల దరిదాపుల్లో ఫైలు దిగుతుంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. ఈ లెక్క తెలియక లేని జబ్బుకు మందు వెతికేవారూ ఉన్నారు.

తెర మీద కనిపించే 72

పాత ల్యాప్‌టాప్ సమస్యను చాలావరకు ఒక్క అంకె పట్టిస్తుంది. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో ప్రాపర్టీస్ తెరిచి కిందికి వెళితే లింక్ స్పీడ్ అనే వరుస ఉంటుంది. అది ఇంటర్నెట్ స్పీడు కాదు. రౌటర్‌కూ కార్డుకూ మధ్య గాలిలో కుదిరిన ఒప్పందం. రౌటర్ పక్కనే ఉన్నా అక్కడ 72 దాటకపోతే కార్డును అనుమానించాలి.

72 ఎలా వచ్చిందంటే, 802.11ఎన్ అనే వైఫై ప్రమాణం 2009లో ఖరారైంది. తర్వాత దానికే వైఫై 4 అని పేరు పెట్టారు. ఈ ప్రమాణంలో ఒక్క యాంటెన్నాతో, 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానెల్ (బ్యాండులో ఒక చిన్న భాగం) మీద గరిష్ఠ వేగం 72 ఎంబీపీఎస్. చానెల్ వెడల్పు 40 అయితే 150. యాంటెన్నాలు రెండైతే 300. 2014 నుంచి 2018 దాకా తక్కువ ధరల్లో వచ్చిన ఎన్నో ల్యాప్‌టాప్‌లలో రియల్‌టెక్ 8723 వరుస కార్డులో, అథెరాస్ 9565 లాంటివో ఉండేవి. ఇవి ఒంటి యాంటెన్నావి, 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టేవి. ప్రాసెసర్, హార్డ్‌డిస్క్ సైజు ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించేవి గానీ వైఫై కార్డు పేరు చూసి ల్యాప్‌టాప్ కొనేవారు తక్కువ. ఖర్చు తగ్గించడానికి కంపెనీలకు అది అనువైన చోటు.

మరి 72 ఉన్నప్పుడు స్పీడ్ టెస్ట్‌లో 38 ఎందుకు? వైఫైలో ఒకే చానెల్ మీద ఒకేసారి ఒక్కరే మాట్లాడగలరు. రౌటర్ పంపేటప్పుడు ల్యాప్‌టాప్ వినాలి, ల్యాప్‌టాప్ పంపేటప్పుడు రౌటర్ ఆగాలి. ప్రతి విడతకూ అందిందని జవాబు రావాలి. చానెల్ ఖాళీగా ఉందో లేదో చూసుకుని కాసేపు ఆగాలి. పక్కింటి వైఫై అదే చానెల్‌లో ఉంటే దానికీ దారివ్వాలి. ఈ తతంగమంతా పోగా లింక్ స్పీడులో సగం, బాగుంటే 60 శాతం నిజంగా చేతికొస్తుంది. 72లో సగం 36.

అప్పట్లో ఆ కార్డు చెత్తదేమీ కాదు. రాగి తీగ బ్రాడ్‌బ్యాండ్ సెకనుకు కొద్ది మెగాబిట్లు ఇచ్చే రోజుల్లో అది అవసరానికి మించినదే. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను ప్రారంభించినప్పుడు 149 రూపాయల ప్లానులో చెప్పిన స్పీడు 15 ఎంబీపీఎస్. ఆ కనెక్షన్‌కు ఈ కార్డు రెట్టింపు సామర్థ్యం చూపగలదు. 2019 సెప్టెంబరులో జియో ఫైబర్ 100 ఎంబీపీఎస్‌తో మొదలయ్యే ప్లాన్లతో వచ్చాక లెక్క తలకిందులైంది. మరుసటి ఏడాది లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసులు, ఇంటి నుంచి ఉద్యోగాలు పెరిగి పెద్ద ప్లాన్ల అవసరం ఇంటింటికీ వచ్చింది. ల్యాప్‌టాప్ మాత్రం అదే ఉండిపోయింది.

5 గిగాహెర్ట్జ్ తెచ్చే తేడా

కార్డు మార్పులో అసలు లాభం కొత్త పేరు వల్ల కాదు, కొత్త బ్యాండు వల్ల. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తాకకుండా వాడుకోగల చానెళ్లు మూడే: 1, 6, 11. బైరాగిపట్టెడలోనో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కలో విద్యార్థుల గదులున్న భవనంలో ఫోన్ తెరిచి చుట్టూ ఉన్న వైఫై పేర్లు చూస్తే ఇరవై కనిపించినా ఆశ్చర్యం లేదు. అవన్నీ ఆ మూడు చానెళ్లనే పంచుకోవాలి. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ బ్యాండులోనే పనిచేస్తాయి. ఇంత రద్దీలో 40 మెగాహెర్ట్జ్ వెడల్పు దొరకడం కష్టం కాబట్టే 150 రావాల్సిన కార్డు 72 దగ్గర ఉండిపోతుంది.

5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ. 2018 అక్టోబరులో కేంద్రం ఈ బ్యాండులో లైసెన్సు అక్కర్లేని భాగాన్ని బాగా విస్తరించింది. ఇక్కడ చానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ దాకా మామూలుగా దొరుకుతుంది. వైఫై 5 ప్రమాణంలో ఒంటి యాంటెన్నాకు 433, రెంటికి 867 లింక్ స్పీడు. వైఫై 6లో అదే వెడల్పుకు, రెండు యాంటెన్నాలకు 1201. అందులో సగమే దక్కుతుందనుకున్నా 300 ప్లానుకు 867 చాలు, 150 ప్లానుకు 433 చాలు.

షాపుల్లో తరచుగా దాటిపోయే విషయం ఇదే. ల్యాప్‌టాప్ పాతదే కావచ్చు, కార్డు ఒంటి యాంటెన్నాదే కావచ్చు. లింక్ స్పీడ్ దగ్గర 433 కనిపిస్తుంటే 100 ఎంబీపీఎస్ ప్లానుకు ఆ కార్డు అడ్డు కాదు. దాన్ని తీసి వైఫై 6 కార్డు పెట్టినా స్పీడ్ టెస్ట్‌లో అదే 95 కనిపిస్తుంది.

మిద్దె మీద గదిలో మాత్రం

5 గిగాహెర్ట్జ్‌కు ఒక బలహీనత ఉంది. గోడలు, కాంక్రీటు స్లాబు దాన్ని ఎక్కువగా మింగేస్తాయి. ఇక్కడి ఇళ్లలో ఫైబర్ తీగ వీధి వైపు కిటికీ నుంచి వచ్చి హాల్లో దిగుతుంది. డబ్బా కూడా అక్కడే, కొన్ని ఇళ్లలో టీవీ వెనకే, ఉండిపోతుంది. ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేసే గది వెనకదో, మిద్దె మీదదో అవుతుంది. మధ్యలో రెండు ఇటుక గోడలు, ఒక స్లాబు, ఒక ఇనుప బీరువా. అలాంటి చోట కొత్త కార్డు కూడా 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ పట్టుకోలేక 2.4కి దిగిపోతుంది.

కార్డు మారినా యాంటెన్నాలు మారవన్నది గుర్తుంచుకోవాలి. ల్యాప్‌టాప్ యాంటెన్నాలు చాలావాటిలో తెర చుట్టూ ఉండే ఫ్రేములో దాగి ఉంటాయి. అక్కడి నుంచి సన్నటి తీగలు కార్డు దాకా వస్తాయి. కార్డును ఊడదీసినా యాంటెన్నా పాతదే. ఒంటి యాంటెన్నా కార్డుతో అమ్మిన ల్యాప్‌టాప్‌లో కొన్నిసార్లు తీగ కూడా ఒక్కటే ఉంటుంది. రెండు యాంటెన్నాల కార్డు పెట్టినా అప్పుడు సగం సామర్థ్యమే. 5 గిగాహెర్ట్జ్ కోసం తయారు చేయని యాంటెన్నా అయితే సిగ్నల్ ఇంకా బలహీనంగా ఉంటుంది. కాబట్టి సిగ్నల్ అందని గది సమస్యకు కార్డు మందు కాదు. రౌటర్‌ను ఇంటి మధ్యకు జరపడం, మిద్దె మీదికి లాన్ కేబుల్ లాగి అక్కడ రెండో రౌటర్ పెట్టడం పనిచేస్తాయి.

రౌటరే 2.4కి పరిమితమైనదైతే కథ ఇంకా చిన్నది. తక్కువ ధర ప్లాన్లతో ఇచ్చిన డబ్బాల్లో అలాంటివి ఉన్నాయి. ఆ ఇంట్లో కొత్త కార్డు వల్ల లింక్ స్పీడు 72 నుంచి 144కి పెరగవచ్చు. అదీ చుట్టూ రద్దీ తక్కువైతేనే.

ఒక్కరి కార్డు, అందరి వైఫై

కార్డు మార్పు వల్ల లెక్కలోకి రాని లాభం ఒకటుంది. వేసవిలో వీధిలోకి నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు సన్నమూతి బిందె తెచ్చినవారు ఒక్కరుంటే వెనకున్న వరుసంతా ఆగాలి. వైఫైలోనూ సమయమే పంచుకునే సరుకు. ఒకే బ్యాండు మీద ఉన్న పరికరాల్లో నెమ్మదిగా తీసుకునే ల్యాప్‌టాప్ ఒక్కటున్నా అదే డేటాకు ఎక్కువ సమయం గాలిని ఆక్రమిస్తుంది. దాని వల్ల ఇంట్లో టీవీకి, ఇతర ఫోన్లకు మిగిలే సమయం తగ్గుతుంది.

ఆ ల్యాప్‌టాప్ 5 గిగాహెర్ట్జ్‌కు మారితే 2.4లో ఉండిపోయిన సీసీ కెమెరాకో పాత ఫోన్‌కో ఊరట. ప్లాను 40 ఎంబీపీఎస్ మాత్రమే ఉన్న ఇంట్లో కూడా ఈ లాభం కొంత తెలుస్తుంది. స్పీడ్ టెస్ట్ అంకె మారకపోయినా సాయంత్రం వేళ వీడియో కాల్ తెగడం తగ్గవచ్చు. కార్డు మారిస్తే ఏమీ రాదని తేల్చేసేవారు ఈ సంగతి మరిచిపోతారు.

స్లో అనేవన్నీ వైఫై స్లో కాదు

తిరుపతిలో నెట్ మీద విసుగు కట్టలు తెంచుకునే సందర్భం ఒకటుంది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే ఉదయం. బయటి ఊళ్లలోని బంధువుల కోసం ఇక్కడివారు కూడా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారు. పేజీ గిరగిరా తిరుగుతుంది, కాసేపటికి కోటా అయిపోతుంది. తప్పు వైఫై మీదికి పోతుంది. నిజానికి ఆ సమయంలో ఒకేసారి వచ్చిపడే జనాన్ని సర్వర్ వైపు వరుసలో నిలబెడతారు. ఆ పేజీకి కావాల్సిన డేటా చాలా తక్కువ, 10 ఎంబీపీఎస్ కూడా ఎక్కువే. అక్కడి నిరీక్షణను ఏ కార్డూ తగ్గించలేదు.

రెండో అనుమానితుడు ల్యాప్‌టాప్ ఒళ్లే. 72 కార్డు వచ్చిన తరం ల్యాప్‌టాప్‌లలో తిరిగే హార్డ్‌డిస్కు, 4 జీబీ ర్యామ్ మామూలు. బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే డిస్కు వాడకం 100 శాతానికి చేరి పేజీలు నెమ్మదిస్తాయి. ఆ ల్యాప్‌టాప్‌కు తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, అంటే ఎస్ఎస్‌డీ, వేస్తే వచ్చే హాయి వైఫై కార్డు మార్పు వల్ల రాదు. రెండిట్లో ఒక్కదానికే డబ్బుంటే ముందు ఎస్ఎస్‌డీ అని చెప్పడానికి పెద్దగా సంకోచించనక్కర్లేదు.

మూడోది ఆఫీసు వీపీఎన్. ఇంటి నుంచి పనిచేసేవారి ట్రాఫిక్ కంపెనీ సర్వర్ మీదుగా చుట్టు తిరిగి వస్తుంది. వీపీఎన్ ఆపితే 90, పెడితే 25 అయితే ఇంట్లో మార్చడానికి ఏమీ లేదు.

ఇంట్లోనే తేల్చుకోవడం

అరగంటలో జబ్బు ఎక్కడుందో కనుక్కోవచ్చు. ముందు కొత్త ఫోన్‌ను రౌటర్‌కు రెండు మీటర్ల దూరంలో పెట్టి 5 గిగాహెర్ట్జ్ మీద పరీక్షించాలి. ప్లానుకు దగ్గరగా స్పీడు వస్తే ఆపరేటర్, ఫైబర్, రౌటర్ మూడూ నిర్దోషులు. అదే చోట ల్యాప్‌టాప్‌ను పరీక్షించి లింక్ స్పీడ్, నెట్‌వర్క్ బ్యాండ్ రెండూ చూడాలి. 2.4 గిగాహెర్ట్జ్, 72 అని ఉండి, రౌటర్ 5 గిగాహెర్ట్జ్ పేరు ల్యాప్‌టాప్‌లో అసలు కనిపించకపోతే కార్డుకు ఆ బ్యాండు పట్టే శక్తి లేదనే అనుకోవాలి. ఆ పేరు కనిపిస్తున్నా కనెక్ట్ కాలేదంటే సమస్య సెట్టింగ్‌లోనో, కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌లోనో ఉంది. దానికి పైసా ఖర్చు లేదు.

తర్వాత లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి మళ్లీ చూడాలి. కేబుల్ మీద 95 వచ్చి వైఫై మీద 38 అయితే అనుమానం తీరినట్టే. ఒక జాగ్రత్త: పాత ల్యాప్‌టాప్‌లలోని లాన్ పోర్టు, చవక డబ్బాల్లోని పోర్టు చాలావాటిలో 100 ఎంబీపీఎస్‌కే పరిమితం. 300 ప్లాను ఉన్నవారు కేబుల్ మీద 94 చూసి ఆపరేటర్‌తో గొడవకు దిగకూడదు. ఇంకో మాట, రోజంతా ఒకే బల్ల మీద ఉండే ల్యాప్‌టాప్‌కు ఈ పరీక్షకు వాడిన కేబులే పరిష్కారం కావచ్చు.

కార్డు కొనే ముందు

కార్డే దోషి అని తేలినా అన్ని ల్యాప్‌టాప్‌లూ మార్పుకు ఒప్పుకోవు. ఈ మధ్య వచ్చిన కొన్ని సన్నటి మోడళ్లలో వైఫై చిప్ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది. బాగా పాతవాటిలో మినీ పీసీఐఈ స్లాటు, తర్వాతివాటిలో ఎం.2 స్లాటు ఉంటాయి. ఒకదాని కార్డు రెండోదానిలో దూరదు. కొన్ని కంపెనీల పాత మోడళ్లు తమ జాబితాలో లేని కార్డు పెడితే బూటే కావు. ఆ జాబితా ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందుగా నడిచే బయోస్ అనే ప్రోగ్రాములో ఉంటుంది, షాపువాళ్లు విప్పాక గానీ బయటపడదు. మోడల్ నంబరుతో ముందే ఆరా తీయడం మంచిది.

ఇంటెల్ కార్డుల పేర్లలో ఒక ఉచ్చు ఉంది. ఏఎక్స్200, ఏఎక్స్210 కార్డులు మామూలు ఎం.2 స్లాటులో చాలా ల్యాప్‌టాప్‌లలో పనిచేస్తాయి. ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం తమలోని కొంత పనిని ప్రాసెసర్ వైపు చిప్‌సెట్‌కు వదిలేసే రకం. వాటికి సరిపడే ఇంటెల్ ప్లాట్‌ఫారం ఉంటేనే పనిచేస్తాయి. ఏఎండీ ల్యాప్‌టాప్‌లో అవి పనికిరావు. చివరి అంకె ఒక్కటి తేడా వచ్చినా కార్డు తిరిగి పార్సిల్ కట్టాల్సిందే.

వైఫై 6ఈ, వైఫై 7 కార్డుల మీద ఆశ కూడా లెక్కచూసి పెట్టుకోవాలి. వాటి ప్రత్యేకత 6 గిగాహెర్ట్జ్ బ్యాండు. మన దేశంలో దాని దిగువ భాగంలో 500 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకునేందుకు 2025 మేలో ముసాయిదా నియమాలు వెలువడ్డాయి. ఆ బ్యాండుకు విండోస్ 11 కావాలి, ఆ బ్యాండు ఇచ్చే రౌటరూ కావాలి. 72 దగ్గర ఆగిపోయే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ శాతం విండోస్ 11కు అధికారికంగా అర్హత లేనివే. వాటికి ఏఎక్స్200 లాంటి మామూలు వైఫై 6 కార్డు చాలు. దానికైనా 64 బిట్ విండోస్ 10 ఉండాలి.

విప్పడం ఇష్టం లేనివారికి యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఉంది. రెండు బ్యాండులూ పట్టేదే కొనాలి. అరంగుళం సైజువి చూడముచ్చటగా ఉంటాయి గానీ యాంటెన్నాకు చోటుండదు, గోడ దాటితే సిగ్నల్ పడిపోతుంది. బయటికి యాంటెన్నా ఉన్నది కాస్త వికారంగా కనిపించినా బాగా పట్టుకుంటుంది. యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టినా 100, 150 ప్లాన్లకు ఇబ్బంది లేదు. ఆ పోర్టు సామర్థ్యం 480 ఎంబీపీఎస్. కొన్న రోజే రౌటర్ పక్కన, పనిచేసే గదిలో విడివిడిగా స్పీడు చూసుకుంటే, తిరిగి ఇచ్చే గడువు దాటకముందే సంగతి తెలిసిపోతుంది.